ఉక్కు గిడ్డంగులు: అదనుకు అందివచ్చు కట్టడములు

పంట పండించుట యొక యెత్తు, పండిన పంటను నిలువచేసికొనుట మఱియొక యెత్తు. మొదటిదానియందు మన రైతు ఎవ్వరికిని తీసిపోడు. రెండవదానియందే యతడు నిస్సహాయుడగుచున్నాడు. కళ్ళములో ధాన్యపురాశి, ఆకసమున మబ్బు, గడపలో అప్పులవాడు, ఈ మూడును ఒక్కమాఱే కూడినపుడు రైతునకు ధర యడుగు నోరుండదు. నూర్చిననాడే యమ్ముకొనువాడు ధర చెప్పువాడు కాడు. ఇతరులు చెప్పిన ధరకు తలయూపువాడు మాత్రమే. ఈ దుస్థితికి మందు గిడ్డంగి యని మన సహకార సభలలో పలుమాఱు తీర్మానములు జరిగినవి. తీర్మానము పుస్తకములో నున్నది; గిడ్డంగి మాత్రము పునాదులలోనే యుండిపోవుచున్నది. ఈ యాలస్యమును గూర్చియు, దానిని తగ్గించు నొక మార్గమును గూర్చియు మా యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

మన పెద్దలకు గిడ్డంగి క్రొత్త మాట కాదు. గాదెలు, గరిసెలు, పాతరలు, గడ్డిమోకు చుట్టిన పురులు ప్రతి గ్రామమునందును ఉండెడివి. అప్పటి కోత కొడవలితో, నూర్పు పశువులతో జరిగెడిది. ఒక గ్రామపు పంట కళ్ళము చేరుటకు వారములు పట్టెడిది. ధాన్యము ఎండుచు, కొంచెము కొంచెముగా ఇంటికి వచ్చెడిది. నేడు కోతయంత్రము దిగినచో గ్రామపు పంట యంతయు కొలది దినములలో రాశి పడుచున్నది. అదియును పచ్చిపదునుతోనే వచ్చుచున్నది. ప్రభుత్వమువారు కొనుటకు ధాన్యమునందు తేమ 17 శాతమునకు మించరాదు. చిరకాలము నిలువయుంచుటకు 14 శాతమునకు మించకుండుట మేలు. ఆరబెట్టుటకు నేల, దాచుటకు నీడ, రెండును ఒక్కసారిగా కావలసివచ్చుచున్నవి. కోత వేగము పెరిగినది కాని కొట్టు కట్టు వేగము పెరుగలేదు. చిక్కంతయు నిందే యున్నది.

నష్ట మెంతయో కూడ చెప్పుదుము. లూధియానా యందలి కేంద్ర కోతానంతర సాంకేతిక పరిశోధనాసంస్థవారు 2015లో ప్రకటించిన లెక్కలనుబట్టి, కోత మొదలు నిలువవఱకు తిండిగింజలలో పైరునుబట్టి నూటికి 4.65 మొదలు 5.99 వఱకు నష్టమగుచున్నవి. పప్పుధాన్యములలో నది 6.36 మొదలు 8.41 వఱకు నున్నది. నూఱు బస్తాలు పండించిన రైతు నాలుగైదు బస్తాలను ఎవ్వరికిని గాకుండ పోగొట్టుకొనుచున్నాడన్నమాట. దొంగ యొక్క బస్తా యెత్తికొనిపోయిన ఊరంతయు లేచును. ఎలుక, ముక్కపురుగు, వాన, ఈ ముగ్గురు దొంగలను మాత్రము మనము ఓర్చుకొనుచున్నాము.

ధనమును చట్టమును లేవని చెప్పుటకు వీలులేదు. అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన సంఘమువారు 1954లో నిచ్చిన నివేదికయందు గిడ్డంగుల యావశ్యకతను నొక్కిచెప్పిరి. దానినిబట్టి 1956లో చట్టము, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ యేర్పడినవి. 1963లో జాతీయ సహకార అభివృద్ధి సంస్థ వెలసినది. గిడ్డంగి రసీదును చేతులు మారదగిన పత్రముగా గుర్తించు చట్టము 2007లో వచ్చినది. 2020లో నారంభింపబడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్ల రూపాయలవఱకు తీసికొను అప్పుపై, 7 సంవత్సరములకు మించకుండ, సాలునకు 3 శాతము వడ్డీ రాయితీ యేర్పరుపబడినది. సహకారరంగమున ధాన్యపు నిలువల మహాప్రణాళికను కేంద్ర మంత్రివర్గము 2023 మే నెలలో నంగీకరించినది. ఆ ప్రణాళికక్రింద 11 రాష్ట్రములలో 11 ప్రాథమిక సంఘముల గిడ్డంగులు 2024 ఫిబ్రవరి 24న ప్రారంభింపబడినవి. అన్నియు కలసి 9,750 టన్నుల నిలువ. తెలంగాణములోని గంభీరావుపేట సంఘము వానిలో నొకటి. కావున గిడ్డంగి ప్రాథమిక సంఘమునకు మించిన పని యను మాట ఇక చెల్లదు.

అయినను కట్టుటయందు జాప్యమేల జరుగుచున్నది? ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. గిడ్డంగి కట్టి చూచినవారు ఈ సామెతకు మూడవ పాదము కూడ చేర్చగలరు.

పాత పద్ధతి

ఇటుక, సిమెంటు, కాంక్రీటులతో కట్టు పద్ధతియందు ఒక పని ముగిసినగాని రెండవ పని మొదలు కాదు. పునాది తీసి కాంక్రీటు పోసిన పిమ్మట స్తంభములు, స్తంభములు గట్టిపడిన పిమ్మట గోడలు, గోడల మీద దూలములు, దూలములమీద కప్పు. ఇంతేగాక సిమెంటు తొందరపెట్టినచో లొంగునది కాదు. కాంక్రీటు పూర్తి బలమును లెక్కించుట 28వ దినముననే. కాంక్రీటు పనులకు సంబంధించిన భారతీయ ప్రమాణము (456వది, 2000) ప్రకారము పోసినది మొదలు కనీసము 7 దినములు, ఎండ తీవ్రముగానున్నచో 10 దినములు నీరు కట్టి తడిగా నుంచవలయును. నాలుగున్నర మీటర్లకు మించిన కప్పుక్రింది యూతకఱ్ఱలను 14 దినములవఱకును, 6 మీటర్లకు మించిన దూలముల క్రింది యూతలను 21 దినములవఱకును తీయరాదు. ఈ నియమములు మేస్త్రీల సోమరితనమువలన నేర్పడినవి కావు. సిమెంటు స్వభావమునుబట్టి యేర్పడినవి. వీనిని అతిక్రమించి త్వరపడిన కట్టడము త్వరగానే కూలును.

ఇట్లు ప్రతి యంతస్తునను నిరీక్షణ తప్పదు. ఇసుక దొరకదు, ఇటుక బట్టీలు వానకు చల్లారును, నాట్లు మొదలుకాగానే కూలీలు చేలకు పోవుదురు. ఒక నెల యనుకొన్నది మూడు నెలలగును. గోడలు లేచి కప్పు పడకమునుపే మృగశిర కార్తె వచ్చిపడును. కప్పు లేని గోడలలో వాననీరు నిలుచును. పని ఆగును. మఱల ఎండలు వచ్చువఱకు సంఘము వడ్డీ కట్టుచుండును, రైతు పట్టాలు కప్పుకొనుచుండును.

క్రొత్త పద్ధతి

ముందుగా కర్మాగారమున సిద్ధపరచిన యుక్కు గిడ్డంగియందు మూలసూత్ర మొక్కటే: ఒకదాని తరువాత నొకటిగా జరుగవలసిన పనులను ఒక్కసారిగా రెండుచోట్ల జరిపించుట. గ్రామమున పునాది గోతులు త్రవ్వుచుండగనే, దూరమున కర్మాగారములో స్తంభములు, దూలములు కోయబడి, అతుకబడి, రంగు వేయబడుచుండును. ఇచ్చట కాంక్రీటునకు నీరు కట్టుచున్న దినములలో అచ్చట బోల్టుల రంధ్రములు వేయబడుచుండును. పునాది గట్టిపడునప్పటికి లారీలు వచ్చి నిలుచును. సిమెంటు నిరీక్షణము పోలేదు. ఆ నిరీక్షణకాలము వ్యర్థము కాకుండ పోయినది. ఈ భేదమును రైతులు సులభముగా గ్రహింపగలరు. నారుమడి యొకచోట పెరుగుచుండగా పొలము వేఱొకచోట దమ్ము చేసికొనుట మనకు పుట్టుకతో వచ్చిన విద్యయే గదా!

అట్టి గిడ్డంగియందలి భాగములు కొలదియే. పునాదిలో నిలువుగా పాతిన బోల్టులమీద స్తంభములు నిలుచును. ఈ స్తంభములును పైదూలములును అంతట నొకే లావుగా నుండవు; బరువు హెచ్చుగా పడుచోట వెడల్పుగను, తక్కువగా పడుచోట సన్నముగను ఉక్కు పలకలనుండి చేయబడును. కావున ఉక్కు దుబారా కాదు. వానినడుమ సన్నని పట్టీలు, పట్టీలమీద రేకులు. స్తంభములను దూలములను కలుపునవి గట్టి బోల్టులే. కట్టుచోట అతుకుపని చాలవఱకు లేదు. క్రేను ఒకటి, పని తెలిసిన మనుష్యుల జట్టు ఒకటి యున్నచో చిన్న గిడ్డంగి చట్రమును నిలుపుట దినములతో లెక్కించు పని. రేకులు కప్పుట వారములతో లెక్కించు పని. అంతకంటె ముఖ్యమైన మేలు మఱియొకటి కలదు. పాత పద్ధతిలో కప్పు కడపట వచ్చును. ఇందు కప్పు ముందుగా వచ్చును. కప్పు పడిన పిమ్మట నేల, గోడ, తలుపు పనులు వానలోను సాగింపవచ్చును. వానకాలము పనికి శత్రువు గాకుండ పోవును. నడుమ స్తంభములు లేకుండుటచే బస్తాల వరుసలు పేర్చుటకును, లారీ లోపలికి వచ్చుటకును అనుకూలముగా నుండును. మున్ముందు సంఘము పెరిగినచో చివరిగోడ విప్పి గిడ్డంగిని పొడిగించుకొనవచ్చును.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1851లో లండను నగరమున మహాప్రదర్శనము కొఱకు ఇనుముతోడను గాజుతోడను 1,848 అడుగుల పొడవుగల స్ఫటిక సౌధమును తొమ్మిది నెలలు దాటకుండ నిలిపిరి. భాగములన్నియు ఒకే కొలతకు వేఱువేఱు కర్మాగారములలో తయారై వచ్చుటయే దాని కిటుకు. మొదటి ప్రపంచ యుద్ధమున, 1916లో, నిస్సెన్ అను ఇంజనీరు బ్రిటిషు సేనకు వంపురేకుల గుడిసెను కనిపెట్టెను. ఆఱుగురు మనుష్యులు నాలుగు గంటలలో దానిని నిలుపగలిగెడివారు. 1941లో అమెరికా నౌకాసైన్యమువారు ఆ పద్ధతినే పెంచి క్వాన్సెట్ గుడిసెలను లక్షకు మించి చేయించిరి. సేనలకు తుపాకిమందు తడియకుండుటకై వెదకిన వేగము రైతునకు ధాన్యము తడియకుండుటకేల పనికిరాకూడదు?

వేగమునకు రైతు కట్టు వెల

త్వర యనునది పట్టణవాసులకు సౌకర్యము. రైతునకది ఒక పంట. మాసములనుబట్టి చూతము. సంక్రాంతి దాటగానే సంఘము పని కప్పగించినదనుకొందము. మాఘమున కొలతలు, పటములు, ఫాల్గుణమున పునాదులును కర్మాగారపు పనియు నేకకాలమున, చైత్రమున చట్రము, వైశాఖమున రేకులు. మృగశిర వాన పడునప్పటికి నెత్తిమీద కప్పుండును. పిమ్మట నేల, తలుపులు, విద్యుద్దీపములు. కార్తీక మార్గశిరములలో సార్వా ధాన్యము వచ్చునప్పటికి గిడ్డంగి తలుపు తెఱచియుండును. ఇటుక పద్ధతిలో నదే సంక్రాంతికి మొదలిడినను, ఏ యడ్డంకియు లేకున్న పుష్యమునకు ముందు ముగియవచ్చును. అడ్డంకి వచ్చినచో, మన యనుభవమున నది రాకపోదు, మఱుసటి సార్వాకే యక్కరకు వచ్చును. నడుమ రెండు పంటలు కళ్ళములోనే అమ్ముడుపోవును.

దీని విలువ లెక్కింపవచ్చును. 500 టన్నుల గిడ్డంగి యనగా 75 కిలోల బస్తాలు ఇంచుమించు 6,660. ఉదాహరణమునకు, నూర్పునాటి ధరకును రెండు మూడు నెలల పిమ్మటి ధరకును బస్తాకు 50 రూపాయలే భేదమనుకొందము. ఒక్క పంట తప్పినచో సభ్యులు పోగొట్టుకొనునది 3 లక్షల 33 వేల రూపాయలు. ఇఁక సంఘము 40 లక్షలు నూటికి 9 వడ్డీకి తెచ్చినదనుకొందము. గిడ్డంగి యక్కరకు రాకుండ గడచిన ప్రతి నెలకును వడ్డీ 30 వేల రూపాయలు. ఆఱు నెలలు ఆలస్యమైనచో 1 లక్ష 80 వేలు. ఈ రెండు మొత్తములును గుత్తదారు బిల్లులో కనబడవు. అందుచేతనే మన పాలకవర్గములు వానిని లెక్కలో చేర్చవు. రేకుల గిడ్డంగికి ఉక్కు ఖరీదు హెచ్చని వెనుకాడువారు ఈ కనబడని బిల్లును కూడ ముందుంచుకొని చూడవలయునని మా కోరిక.

తుపానుల మాట చెప్పనక్కఱలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుపాను, కోతకు వచ్చిన వరిని, కోసి పనలమీదను కుప్పలలోను కళ్ళములలోను ఉన్న వరిని తడిపి రైతులను కుంగదీసినది. తుపాను వచ్చుచున్నదని వాతావరణ శాఖవారు నాలుగైదు దినములు ముందుగనే చెప్పగలుగుచున్నారు. దాచుటకు చోటున్నవానికే ఆ కబురు ప్రయోజనము. చోటు లేనివానికి ముందుగా వచ్చిన దుఃఖమే.

వేగము పనికిరాని చోట్లు

ఇంతవఱకు మేలు చెప్పితిమి. మేలు మాత్రమే చెప్పి ఊరకుండుట సహకార పత్రికకు తగదు. ఉక్కు గిడ్డంగియందు త్వరపడదగినది నేలకు పైభాగమే. నేలయు, నేలక్రిందిదియు మునుపటివలెనే నిదానముగా జరుగవలయును. ధాన్యపు బస్తాలు నాలుగు మీటర్ల యెత్తున పేర్చినచో ప్రతి చదరపు మీటరుమీదను రెండు టన్నులకు తక్కువకాని బరువు పడును. ఆ బరువును మోయునది స్తంభములు కావు, రేకులు కావు, నేలయే. మెరకమట్టిని పొరలుపొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయక ఒక్కమాఱే నింపి పైన సిమెంటు పూసినచో మొదటి సంవత్సరమే నేల క్రుంగి బీటలు వాఱును. ఆ బీటలనుండి చెమ్మయు, ఎలుకయు పైకి వచ్చును. నల్లరేగడి నేలలో నీ జాగ్రత్త రెట్టింపు కావలయును. అది వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొను నేల. మట్టిని పరీక్ష చేయింపక పునాది తీయరాదు.

రెండవది గాలి. ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు తమ బరువుతోనే గాలికి నిలుచును. ఉక్కు గిడ్డంగి తేలికైనది. గాలి దానిని క్రిందికి త్రోయుటకంటె పైకి లాగుట హెచ్చు. కావున దాని పునాది, బరువును మోయుటకే గాక, కట్టడమును నేలకు పట్టి యుంచుటకు కూడ కావలయును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున ఎన్నో కొట్టముల రేకులను ఎగురగొట్టినది. విమానాశ్రయపు పైకప్పు సైతము చెడిపోయినది. భారతీయ ప్రమాణము (875వది, మూడవ భాగము) ననుసరించి విశాఖ మొదలగు తీరప్రాంతములకు సెకనుకు 50 మీటర్ల గాలివేగమును, హైదరాబాదునకు 44 మీటర్లను ఆధారముగా గొని లెక్క కట్టవలయును. 2015లో సవరింపబడిన ఆ ప్రమాణములో, తూర్పుతీరమునుండి సుమారు 60 కిలోమీటర్లలోపల తుపానునకై అదనపు లెక్క కూడ చేర్చబడినది. మెట్టప్రాంతమునకు గీచిన పటమును తెచ్చి దివిసీమలో నిలుపరాదు. రేకు మొదట లేచునది అంచులలోను మూలలలోను. అచ్చట మరలు దగ్గఱదగ్గఱగా నుండవలయును. గాలివాటున తలుపు తెఱచియున్నచో లోపలికి దూరిన గాలి కప్పును పైకెత్తును. తుపానునాడు తలుపు బిగించి యుంచుట రేకు బిగించుటతో సమానము.

మూడవది వేడియు చెమటయు. ఎండలో వట్టి రేకు మండును. రాత్రి చల్లబడి, లోపలి తేమ దాని యడుగున నీటిబొట్లుగా మాఱి బస్తాలపై రాలును. వాన కురియకయే ధాన్యము తడియుట ఇట్లే జరుగును. రేకు క్రింద వేడిని ఆపు పొర, కొప్పున గాలి పోవు మార్గము, ప్రక్కల వలగట్టిన గవాక్షములు తప్పక యుండవలయును. పచ్చిధాన్యమును ఎట్టి గిడ్డంగిలోను చేర్చరాదు. ఉక్కు గిడ్డంగిలో నసలే చేర్చరాదు. విషవాయువు పట్టించి పురుగును చంపునపుడు మూసివేయుటకు గవాక్షములకు తలుపులుండవలయును.

నాలుగవది ఎలుకయు త్రుప్పును. రేకుల వంపులు గోడను కలియుచోట సందులుండును. ఆ సందులు మూయక వదలినచో ఎలుకలకును పిచ్చుకలకును ద్వారములు తెఱచినట్లే. నేలనుండి మనిషి యెత్తు దాటువఱకు ఇటుక గోడ కట్టి, పైన రేకు వేయుట మన గ్రామములకు తగిన పద్ధతి. తాపీపనివారికి పని పోవునను భయమునకును ఇది కొంత సమాధానము; పునాదులు, అరుగు, నేల, గోడ, ఇవియన్నియు గ్రామపు చేతులతోనే జరుగును. సముద్రపుగాలి తగులు గ్రామములలో రేకు పూత, రంగు మేలైనవిగా నుండవలయును. గీతలు పడినచోట వెంటనే రంగు తగులవలయును. ఉక్కు కాలదు గాని వేడికి మెత్తబడును. సుమారు 550 డిగ్రీల వేడికి దాని బలము ఇంచుమించు సగమగును. గోనెసంచులు కాలినచో ఆ వేడి వచ్చుట అసాధ్యము కాదు. నీటితొట్టి, ఇసుక బకెట్లు, నిప్పును ఆర్పు సాధనములు అలంకారములు కావు.

సంఘములు చేయవలసినది

ఇఁక నొక కఠిన సత్యమును చెప్పుట మా విధి. కర్మాగారము మూడు నెలలలో ఉక్కును పంపగలదు. కాని సంఘపు కాగితములు మూడు సంవత్సరములలోను కదలనిచో ఆ వేగము వలన ప్రయోజనమేమి? స్థలపు హక్కు తేలక, దారి సరిహద్దు తెగక, పటమునకు అనుమతి రాక, పాలకవర్గములో పక్షములు పొసగక నిలిచిపోయిన గిడ్డంగులే హెచ్చు. ఉక్కు ఆలస్యమును పోగొట్టునది కట్టడములోనే. మనలోని యాలస్యమును పోగొట్టుట మన చేతిలోనే యున్నది.

అందుచే వరుస తప్పకుండ నడచుట మంచిది. మొదట స్థలము: లారీ తిరుగుటకు చాలిన దారి, వరదనీరు నిలువని మెరక, సంఘము పేర స్పష్టమైన హక్కు. రెండవది మట్టి పరీక్ష. మూడవది, ఇంజనీరు గీచి, గాలి లెక్క చూపి, సంతకము చేసిన పటము. నాలుగవది ధరల పిలుపు. అందు ఉక్కు తూకము, రేకు మందము, పూత, మరల రకము, పని ముగించవలసిన తేది, తేది దాటినచో తగ్గింపవలసిన సొమ్ము వ్రాసియుండవలయును. మందము వ్రాయని రేకు పలుచనిదిగానే వచ్చును. వచ్చినది వచ్చినట్లు దింపుకొనక, పదిమంది సభ్యుల యెదుట కొలిచి దింపుకొనవలయును. ఐదవది, పునాది బోల్టులు పాతునపుడు కర్మాగారపు కొలతపలకతో సరిచూచుట. ఇచ్చట ఒక అంగుళము తప్పినచో అచ్చట స్తంభము కూర్చొనదు. అప్పుడు రంధ్రములు మఱల కోయుట, బోల్టులు వంచుట మొదలగు పాపములన్నియు జరుగును. మిగుల్చుకొన్న నెల యంతయు ఆ యొక్క అంగుళములో పోవును, బలమును పోవును.

చిన్న సంఘములకు ఒక్కొక్కదానికే పిలుపు పంపుట చేతగానిచో, మండలములోని నాలుగైదు సంఘములు కలసి ఒకే కొలత గిడ్డంగులను ఒక్కసారి కోరవచ్చును. ఒకే పటము, ఒకే కొలత భాగములు, ఒకే జట్టు ఒక గ్రామమునుండి మఱియొక గ్రామమునకు క్రేనుతో సాగిపోవుట, వీనివలన ధరయు తగ్గును, కాలమును తగ్గును. సహకారమనగా అప్పు పంచుకొనుట మాత్రమే కాదు. పని కలిపి చేయించుకొనుట కూడ.

ఉక్కు గిడ్డంగి యన్ని చోట్లను ఉత్తమమని మేము చెప్పుట లేదు. చిన్న గ్రామములో ఏబది టన్నుల కొట్టు కావలసినచో, ఇటుకయు మేస్త్రీయు చేతనున్నచో, పాత పద్ధతియే చాలును. వందల టన్నులు నిలువ చేయవలసినచోట, వచ్చు పంటకే గిడ్డంగి కావలసినచోట, ఉక్కు పద్ధతియే రైతునకు మేలని మా నిశ్చితాభిప్రాయము. అదను తప్పిన విత్తు మొలవవచ్చును గాని పంట కాదు. అదను తప్పిన గిడ్డంగి నిలువవచ్చును గాని ఆ సంవత్సరపు ధాన్యమును కాపాడదు.

రాబోవు మహాజనసభలో సభ్యులు తమ పాలకవర్గమును మూడు ప్రశ్నలు అడుగవలయునని మా మనవి. మన సంఘమునకు గిడ్డంగి స్థలము హక్కుతో సహా సిద్ధముగా నున్నదా? మట్టి పరీక్ష జరిగినదా? పని ఏ తేదికి ముగియునో పత్రముపై వ్రాయబడినదా? ఈ మూటికి సరియైన యుత్తరములు వచ్చినచోట, వచ్చు సార్వా ధాన్యము కళ్ళమున కాక కప్పు క్రింద నుండగలదు. రానిచోట ఉత్తరములు వచ్చువఱకు అడుగుచుండుటయే సభ్యుల ధర్మము. సంఘము సభ్యులదే, గిడ్డంగి కట్టక జరిగిన నష్టమును సభ్యులదే.